4112 నుండి 4119 వరకు

పంక్తి 1

మూడో గుమ్మటపు జనవరుస విభాగంలో, కుదింపు శాఖ ప్రధాన లేఖకుడి హోదాలో, ఈ దినచర్యను ప్రారంభించడమైనది. ప్రతి శాఖలోనూ ఒకరు విశేషాలను పంక్తుల వారీగా ఒక టెక్స్ట్ ఫైలులో నమోదు చేయవలెనని ఉత్తర్వు. దానిని ఎవరు చదువుతారన్నది ఉత్తర్వులో లేదు. తేదీలు వేయడం లేదు. భూమి తేదీ వేయాలా, ఇక్కడి తేదీ వేయాలా అన్నది తేల్చడానికి వేసిన సంఘం ఇంకా పని చేస్తూనే ఉన్నది. దాని మొదటి అధ్యక్షుడు పదవీ విరమణ చేశాడు. రెండో అధ్యక్షుడు కాలం చేశాడు; ఏ తేదీన అన్నది వివాదంలో ఉన్నది.

నేటి విశేషం. భూమి మీది ప్రధాన కార్యాలయం నుండి ఆదేశం వచ్చింది. మన జనవరుస ఫైలు ఇకపై వెయ్యి పంక్తులకు మించరాదు. అంత దూరం పంపడానికి అంతకు మించి వీలుపడదట. గుమ్మటంలో అయిదు వేల పైచిలుకు జనం ఉన్నారు. మనిషికొక పంక్తి.

విభాగాధిపతి చయనులు గారు నన్ను పిలిపించి, కిటికీ అవతలి ఎర్ర దుమ్మును కాసేపు చూసి, ఇలా సెలవిచ్చారు:

"వరహాలరావు గారూ, మనుషుల్ని తగ్గించమనలేదండీ. పంక్తుల్ని తగ్గించమన్నారు. తేడా గమనించారా?"

గమనించానని మనవి చేశాను.

పంక్తి 2

కంప్యూటరు చేత ఫైలును కుదింపించే ఆదేశాల పట్టిక, అనగా షెల్ స్క్రిప్టు, రాయడం పూర్తయినది. పదిహేడు పంక్తులు. అది చేసే పని ఎవరికైనా అర్థమవుతుంది. ఫైలులో ప్రతి నివాసికీ అయిదు గడులు ఉంటాయి: నంబరు, వాడ, పని, ఫిర్యాదు, నేరం. పేర్లను మొదటి విడత పొదుపులోనే తీసివేశాము. వరుస నంబర్లు గల వారికి తక్కిన నాలుగు గడులూ ఒకేలా ఉన్నప్పుడు అన్ని పంక్తులు దండగ. మొదటి నంబరు, ఒక అడ్డగీత, చివరి నంబరు. చాలు. మధ్యవారు ఉన్నారని బుద్ధి గలవారికి తెలుస్తూనే ఉంటుంది.

ఫైలు తొమ్మిది వందల చిల్లర పంక్తులకు దిగివచ్చింది. చయనులు గారు శాఖ అందరికీ టీ ఇప్పించారు. శాఖలో నేనొక్కడినే కాబట్టి రెండు కప్పులు తాగాను.

అంకెల విషయంలో ఈ విభాగం ఎప్పుడూ ఇంత నిర్దుష్టంగా ఉండేది కాదని ఇక్కడ చెప్పుకోవాలి. నాకు ముందున్న లేఖకుడు నంబర్లను అంకెలుగా కాక అక్షరాలుగా పేర్చే స్క్రిప్టు రాశాడు. ఒకటి తర్వాత పది, ఆపైన వంద, వెయ్యి, వెయ్యిన్నొకటి వచ్చేవి. రెండు ఎక్కడో వెనక తేలేది. తప్పు బయటపడేసరికి ఒక తరం ఆ క్రమంలోనే భోజనాల బంతికి కూర్చుని పెద్దదైంది. సరిచేస్తామంటే వెయ్యో నంబరు వాడ ధర్నాకు దిగింది. నేటికీ వెయ్యో నంబరు వారు చేయి కడుక్కున్నాక గానీ రెండో నంబరు వారికి కంచం పెట్టరు. దానిని ఇప్పుడు ఆచారమంటున్నారు. ఆచారాల మీద మా శాఖకు అధికారం లేదు.

పంక్తి 3

ఉదయం గడప ముందు దుమ్ము ఊడుస్తుండగా, పక్క గది గవరమ్మ గారు ఉప్మా గిన్నెతో వచ్చారు. ఆమె సామూహిక వంటశాలలో వంటమనిషి. అరవై దాటిన మనిషి. గుమ్మటంలో సగం మందికి ఆమె చేతి అన్నమే. వంట అయ్యాక మిగిలిన ఉప్మా నాకు తెచ్చి ఇవ్వడం నేనీ గదికి వచ్చిన నాటి నుండీ ఉన్నది. ఈరోజు ఆమె గిన్నె ఇచ్చి వెళ్ళిపోకుండా నిలబడ్డారు.

"వరాల బాబూ, నానున్నానా?"

అర్థం కాలేదన్నాను.

"బిళ్ళల బీరువా కాడికెళ్ళినాను. నంబరు కొట్టినాను. 'ఈ నంబరు లేదు' అంతంది. మళ్ళీ కొట్టినాను. మళ్ళీ అదే మాట. నాకేసి సూసి అంతంది బాబూ, సిగ్గు లేకుండాను!"

గుమ్మటంలో ప్రతి గదికీ ఒక గాలి జల్లెడ ఉంటుంది. దానిలోని బిళ్ళను నెలకొకసారి మార్చాలి. మార్చకపోతే దుమ్ము గాలితో పాటే లోపలికి వస్తుంది. బిళ్ళ మీద నంబరు ముద్రించి ఉంటుంది కనుక ఒకరి బిళ్ళ మరొకరి జల్లెడలో పట్టదు. బిళ్ళలిచ్చే బీరువా పంపిణీ విభాగం వారిది. నంబరు కొడితే అది మా ఫైలులో ఆ నంబరు కోసం వెతుకుతుంది. కనిపిస్తే ఇస్తుంది.

గవరమ్మ గారి నంబరు 4115. ఆఫీసుకు వెళ్ళి చూశాను. వంటశాల వారు ఎనిమిది మంది: ఒకే వాడ, ఒకే పని, ఫిర్యాదు లేదు, నేరం లేదు. స్క్రిప్టు వారిని "4112-4119" అని ఒకే పంక్తిగా చేసింది. పని నిర్దుష్టంగా జరిగింది.

సాయంత్రం ఆమెకు విషయం విశదపరిచాను.

"మీరు ఉన్నారండీ. 4112కీ 4119కీ మధ్య ఒక అడ్డగీత ఉన్నది. మీరు అందులో ఉన్నారు."

"గీతలో నానొక్కదాన్నేనా?"

"ఆరుగురు ఉన్నారు."

ఆమె రెండు వేళ్ళ మధ్య గీతంత సందు పట్టి చూశారు. "ఆరుగురం పట్టీసినామా అంత సిన్న గీతలో? మరైతే ఇరుకుగా ఉండబట్టి బీరువాకి కనపడనేదేమో. కొంచెం పొడుగ్గా గీయరాదేటి బాబూ?"

పంక్తి 4

పంపిణీ విభాగానికి లేఖ రాయడమైనది: అడ్డగీత అంటే 'నుండి వరకు' అని బీరువాకు నేర్పవలెను. సాయంత్రానికే జవాబు వచ్చింది. బీరువా సక్రమంగా పని చేయుచున్నది, ఫైలు సరిచేసుకొనవలెను. మా ఫైలు సక్రమంగా ఉన్నదని తిరుగు లేఖ రాశాను. ఇరు విభాగాలూ సక్రమంగా ఉన్నట్లు లిఖితపూర్వకంగా తేలడం గుమ్మటం చరిత్రలో ఇదే మొదటిసారి అని చయనులు గారు ఆనందించారు.

బీరువాను మార్పించాలంటే నష్టపోయిన నివాసి స్వయంగా ఫిర్యాదు చేయాలి. గవరమ్మ గారు ఫిర్యాదుల కిటికీ దగ్గరికి వెళ్ళారు. కిటికీ కూడా మా ఫైలే చూస్తుంది. ఆమె నంబరు లేదని చెప్పింది.

పంక్తి 5–8

విశేషం లేదు.

పంక్తి 9

పై పంక్తి గురించి ఒక వివరణ. ఈ దినచర్య కూడా టెక్స్ట్ ఫైలే గనుక కుదింపు స్క్రిప్టు దీనికీ వర్తిస్తుంది. దినచర్యల విషయంలో అది ప్రతి పంక్తిలోని మొదటి వాక్యాన్ని మాత్రమే పోలుస్తుంది. నాలుగు రోజులు వరుసగా 'విశేషం లేదు' అని మొదలుపెట్టాను, నాలుగూ ఒకటయ్యాయి. ఏడో పంక్తిలో, గవరమ్మ గారు పాత బిళ్ళను నీళ్ళలో జాడించి ఆరబెట్టుకుంటున్నారని ఒక వాక్యం రాసినట్లు జ్ఞాపకం. ఇప్పుడది లేదు. స్క్రిప్టు నిర్దుష్టంగా ఉన్నది.

నేటి విశేషం. వంటశాలలో గిన్నెలు కడిగే పోలినాయుడు, నంబరు 4116, తోటలో అనుమతి లేకుండా టమాటా కోసి కానిస్టేబుల్ పైడిరాజుకు దొరికిపోయాడు. ముప్పై ఏళ్ళవాడు, నోరు పెద్దది. నేరం గడిలో నమోదైంది. శిక్ష మందలింపు.

పంక్తి 10

గవరమ్మ గారికి బిళ్ళ వచ్చింది.

పరిశీలించగా విషయం తేలింది. పోలినాయుడి నేరం గడి మారడం వలన అతడు పక్కవారితో కలవలేదు. ఎనిమిది మంది పంక్తి అక్కడ తెగింది: "4112-4115", ఆపైన "4116", ఆపైన "4117-4119". గవరమ్మ గారు గీతలోంచి బయటపడి ఒక చివరన నిలిచారు. అటువైపు 4117 వారికి కూడా బిళ్ళ వచ్చింది. ఒక టమాటాకు ముగ్గురు.

భోజనశాలలో పోలినాయుడు బల్ల ఎక్కి మాట్లాడుతున్నాడు.

"ఇనండర్రా! మంచోళ్ళంతా కలిసి గవరమ్మత్తకి గుక్కెడు గాలి ఇప్పించలేకపోనారు. ఈ పోలిగాడు ఒక్క పండు కోసినాడు, ముగ్గురు గాలి పీలస్తన్నారు. ఏటి, సప్పట్లు కొట్టరేటి?"

"దిగరా దొంగ సచ్చినోడా," అన్నారు గవరమ్మ గారు. "నీ పుణ్యాన బతికినానని ఊరంతా సెప్పుకోవాలి గావాల ఇంక. ఆ కాయైనా పండినదేనా, పచ్చిదా?"

"పచ్చిదే అత్తా. పండిందాకా ఆగితే నువ్వుండొద్దేటి?"

పంక్తి 11

నేరాలు పెరుగుతున్నవి. అయితే చాలా క్రమబద్ధంగా పెరుగుతున్నవి. వంటశాలలో 4113 వారు టమాటా కోశారు, మర్నాడు 4119 వారు కోశారు. ఇప్పుడు ఎనిమిది మందీ బీరువాకు కనిపిస్తున్నారు. వంకాయలు తరుగుతూ వారు కనిపెట్టిన సూత్రమిది: వరుసలో ప్రతి మూడోవాడూ తప్పు చేస్తే తక్కిన ఇద్దరికీ గాలి ఆడుతుంది.

ఈ సూత్రం వాడవాడకూ పాకింది. పిల్లలు వరుసగా నిలబడి "ఒకటి, రెండు, తప్పు, ఒకటి, రెండు, తప్పు" అని లెక్కపెట్టుకుంటూ ఆడుతున్నారు. అందరూ టమాటానే ఎంచుకుంటున్నారు. అన్నిటికంటే తక్కువ శిక్ష దానికే. వంతు వచ్చినవాడిని ఇంటిల్లిపాదీ బొట్టు పెట్టి తోటకు పంపుతున్నారు. పైడిరాజు ఉదయం నుండి సాయంత్రం దాకా తోట గుమ్మంలోనే బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. నిన్న ఒక పెళ్ళిచూపులకు వెళ్ళాను. పిల్ల తరఫువారు అడిగిన మొదటి ప్రశ్న, "మీవాడిది తప్పు నంబరేనా?" ఔననగానే వారి ముఖాలు విప్పారాయి.

నిజాయితీపరుల వాడ అని పేరు పడిన ఉపాధ్యాయుల వాడలో మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. అక్కడ ఇరవై మంది ఒకే గీతలో ఉన్నారు. వారు బిళ్ళలు జాడించుకుంటూ నైతిక విలువల మీద ఉపన్యాసాలు ఏర్పాటు చేసుకున్నారు. శ్రోతల దగ్గు వల్ల ఉపన్యాసం వినబడలేదని తెలిసింది.

పంక్తి 12

ఫైలు రెండు వేల పంక్తులు దాటింది. ప్రతి తప్పూ ఒక పంక్తిని మూడు చేస్తున్నది. ప్రధాన కార్యాలయం నుండి చయనులు గారికి సంజాయిషీ నోటీసు వచ్చింది.

"వరహాలరావు గారూ," అన్నారు ఆయన, చేతిరుమాలుతో నుదురు అద్దుకుంటూ, "ఇందరు దొంగలు ఉన్నా ఫరవాలేదండీ. ఇన్ని పంక్తులు ఉండకూడదు. ఏదైనా ఉపాయం?"

ఫైలు చూశాను. 4113, 4116, 4119. ఎక్కడ చూసినా మూడేసి నంబర్లకొక టమాటా. క్రమమున్న చోట కుదింపుకు దారి ఉన్నది. స్క్రిప్టుకు మరో తొమ్మిది పంక్తులు చేర్చాను. సమాన దూరంలో ఉన్న నంబర్లకు గడులు ఒకేలా ఉంటే, మొదటిది, చివరిది, మధ్య దూరం రాస్తే చాలు. దొంగల వరుస ఒక పంక్తి అవుతుంది. దొంగలు కానివారిలో కూడా అదే దూరం కనిపిస్తుంది కనుక వారూ రెండు పంక్తుల్లో ఒదుగుతారు.

ఫైలు మూడు వందల పంక్తులకు దిగింది. చయనులు గారు నన్ను కౌగిలించుకున్నారు. ఉత్తమ లేఖకుడి బిరుదుకు నా పేరు పంపుతున్నట్లు చెప్పారు. పేరుకు ఫైలులో గడి లేనందున నంబరు పంపుతారు.

పంక్తి 13–15

విశేషం లేదు.

పంక్తి 16

ఇకపై మొదటి వాక్యాలు జాగ్రత్తగా రాయదలచాను. పధ్నాలుగో పంక్తిలో గోడ అవతలి దగ్గు గురించి కొంత ఉండేది.

కొత్త కుదింపు తర్వాత వంటశాలలో ఇద్దరు కనబడకుండా పోయారు. 4113, 4116, 4119 ఒక పంక్తి అయ్యాయి; నడుమ పోలినాయుడు. 4112, 4115, 4118 ఒక పంక్తి అయ్యాయి. నడుమ గవరమ్మ గారు. పోలినాయుడు బీరువా దగ్గరికి వెళ్ళి, లేదనిపించుకుని, దానిని తన్నాడు. 'ప్రభుత్వ ఆస్తిని కాలితో తన్నుట' అనే నేరం గుమ్మటంలో మరెవరికీ లేదు. ఆ సాయంత్రమే అతడికి సొంత పంక్తి వచ్చింది.

గవరమ్మ గారికి రాలేదు. పాత బిళ్ళ గడువు ఎప్పుడో తీరింది. ఇక జాడిస్తే పోగులు ఊడి వస్తున్నాయి. వంటశాలకు వెళుతున్నారు గానీ పొయ్యి దగ్గర నిలబడలేక పీట వేసుకుని కూర్చుంటున్నారు. గుమ్మటం వైద్యుడు చూసి, ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరుతున్నదనీ, ఇంకొక నెల ఇలాగే ఉంటే మందుల వల్ల కాదనీ చెప్పాడు. ఆమె నంబరు ఫైలులో లేనందున ఆ మాట రాసి ఇవ్వడానికి వీలుకాలేదు.

పంక్తి 17

గవరమ్మ గారు నేరం చేయడానికి ఒప్పుకున్నారు. పోలినాయుడు రెండు పూటలు బతిమాలాడు. సాక్షిగా నన్ను రమ్మన్నారు. మధ్యాహ్నం ముగ్గురం తోటకు వెళ్ళాము. ఆమె నాలుగడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకున్నారు. గుమ్మంలో పైడిరాజు లేచి నిలబడ్డాడు.

"రాండమ్మా, రాండి. ఇంత దూరం ఎందుకొచ్చినారు? కబురెడితే నానే పట్టుకొచ్చీవాణ్ణి గదా."

ఆమె అతడి కళ్ళ ముందే ఒక టమాటా కోసి చూపించారు. "కోసినాను. అనుమతి లేదు. రాసుకో."

"ఒకటేటమ్మా, నాలుగు కొయ్యండి. ఆ మూల ఎర్రగా ఉన్నాయి సూడండి."

"ఓరి నా నాయనా, నాను దొంగతనానికొచ్చినానురా!"

"మీరు దొంగతనమేటి తల్లీ. నా సిన్నప్పుడు జొరమొస్తే జావ కాసి పట్టింది మీరు కాదా? మిమ్మల్ని రాస్తే మాయమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

పోలినాయుడు మధ్యలో దూరాడు. "అత్తా, తిట్టు. డూటీలో ఉన్నోణ్ణి తిడితే అదో నేరం."

గవరమ్మ గారు పైడిరాజును తిట్టారు. ఆ తిట్లు ఈ దినచర్యకు తగవు. పైడిరాజు చేతులు కట్టుకుని తలవంచుకుని పూర్తిగా విన్నాడు. చివరికి కళ్ళొత్తుకున్నాడు.

"మాయమ్మ కూడా ఇలాగే తిడతాదమ్మా," అన్నాడు. ఆపైన నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, అసలు సంగతి చెప్పాడు. "రాద్దామన్నా కుదరదు బాబూ. నేరాలు పెరిగిపోనాయని పైనుంచి ఆర్డరొచ్చింది. ఇక మూడు నెలల దాకా ఎవుడి మీదా ఏ నేరమూ రాయకూడదు. నిన్నటి నుంచీ గుమ్మటంలో నేరాల్లేవు."

ఆర్డరు చూపించాడు. సక్రమంగా ఉన్నది. దానివల్ల 4112 వారు గానీ 4118 వారు గానీ ఆమె కోసం కొత్త తప్పు చేసినా ఫలితం లేదని తేలింది. తిరుగు దారిలో పోలినాయుడు మాట్లాడలేదు. అతడు మాట్లాడకపోవడం నమోదు చేయదగిన విశేషం. గవరమ్మ గారు నాలుగు టమాటాలను కొంగున కట్టుకుని నడిచారు.

"ఎంత మంచిగా బతికినానో సూడు బాబూ," అన్నారు మెల్లగా, నా గది గుమ్మం దగ్గర. "సచ్చీలాగున్నాను."

పంక్తి 18

నిబంధనల గ్రంథాన్ని మొదటి నుండి చివరి వరకు చదవడమైనది. నేరం గడి మూతపడింది. వాడ, పని మార్చే అధికారం మాకు లేదు. మిగిలింది ఫిర్యాదు గడి. నివాసి తాను ఫిర్యాదు చేయడానికి నంబరు కనబడాలి. కానీ నివాసి మీద ఒక శాఖాధికారి ఫిర్యాదు చేయడానికి అది అవసరం లేదు. పంక్తిలో లేనివారి మీద కూడా చేయవచ్చు. ఈ విషయంలో నిబంధనలు చాలా ఉదారంగా ఉన్నాయి.

అవినీతి నిరోధక నియమాల్లో ఒక ఉపనియమం ప్రకారం, ఫైలుతో సంబంధమున్న అధికారికి నివాసి ఇచ్చే ఏ వస్తువైనా, దానికి ధర కట్టలేకపోయినా, లంచమే. దీనిని ఇన్నేళ్ళుగా గమనించకపోవడం శాఖాపరమైన లోపం. గమనించిన పిమ్మట ఉపేక్షించడం మరింత లోపం. కనుక ఈరోజు ఈ కింది ఫిర్యాదును నమోదు చేశాను:

'4115. కుదింపు శాఖ ప్రధాన లేఖకుడికి అనేక సంవత్సరాలుగా ఉప్మా ఇచ్చుట.'

లంచం పుచ్చుకున్నవారి పంక్తిలో కూడా రాయాలని నియమం. నా పంక్తిలో రాశాను. ఉత్తమ లేఖకుడి బిరుదుకు ఫిర్యాదు గడి ఖాళీగా ఉండాలన్న నిబంధన జ్ఞాపకమున్నది.

చయనులు గారు కుర్చీలోంచి లేచి తలుపు మూశారు.

"ఉప్మా లంచమెలా అవుతుందండీ? ఏకాదశి నాడు మీ గదిలో నేనూ తిన్నాను కదా!"

"తమరి నంబరు రాయలేదండీ."

"సంతోషం." మళ్ళీ కూర్చున్నారు. "కానీ మీమీద చర్య తీసుకోక తప్పదు. మీరే రాశారు, మీరే పంపారు, ప్రధాన కార్యాలయం చదివేసింది. వాళ్ళు చదివిన మొదటి పంక్తి అదేనట."

నన్ను వంటశాలకు డెప్యుటేషన్ మీద పంపుతూ ఉత్తర్వు ఇచ్చారు. హోదా అదే. పని గిన్నెలు. ఈ దినచర్య రాసే విధి నుండి తప్పించినట్లు ఉత్తర్వులో లేదు కనుక రాస్తున్నాను.

పంక్తి 19

బీరువా 4115కు బిళ్ళ ఇచ్చింది. స్వయంగా వెళ్ళి చూశాను. పోలినాయుడు ఆమెను చేయి పట్టి తీసుకువచ్చాడు. నంబరు కొట్టగానే బీరువా ఏమీ అనలేదు. బిళ్ళ కింద పడింది.

గవరమ్మ గారు దానిని తీసుకుని, నా వైపు తిరిగారు.

"నా ఉప్మాని లంచమన్నావా?"

అవునన్నాను.

"నీ కాడ నాకేటి పని ఉందని లంచమిస్తాను? నువ్వొక్కడివే ఉంతావు, ఎండు రొట్టె కొరుక్కుంతావు అని పెట్టినాను. దాన్ని తీసికెళ్ళి భూమి దాకా రాయించినావా? అక్కడోళ్ళు ఏటనుకుంతారు నన్ను?"

ఆమె గొంతు గుమ్మటం అంతా వినబడింది. కోపం వల్ల కాబోలు, చాలా కాలం తర్వాత మధ్యలో దగ్గు లేకుండా ఒక పూర్తి వాక్యం చెప్పారు. ఆ సంగతి ఆమె గమనించలేదు. మరునాటి నుండి ఉప్మా రావడం లేదు.

పంక్తి 20

ఎవరూ ఊహించని పరిణామం. గుమ్మటంలో గీతల మధ్యనున్న వారందరూ గిన్నెలు పట్టుకుని కార్యాలయాల ముందు నిలబడుతున్నారు. ఉపాధ్యాయుల వాడ వారు కూడా వచ్చారు. లంచమివ్వడంలో ఉన్న నైతిక కోణాన్ని వారు ఉపన్యాసంలో విశ్లేషించి, దగ్గుతోనే తీర్మానించారు. ప్రతి అధికారి బల్ల మీదా పది రకాల ఉప్మాలు. చయనులు గారికి అజీర్తి చేసింది. వేధింపు భరించలేక ఆయన ప్రధాన కార్యాలయానికి రాయగా, అక్కడి నుండి ఉత్తర్వు వచ్చింది: ఇకపై ఉప్మాను లంచంగా పరిగణించరాదు. ఇదివరకు నమోదైన ఉప్మా ఫిర్యాదులన్నీ ఈ నెలాఖరున తుడిచివేయబడును.

తుడిచివేస్తే 4115 గడి మళ్ళీ ఖాళీ. 4112, 4115, 4118. మూడేసి. నడుమ.

నెలాఖరున ఆ మూడూ మళ్ళీ ఒకే పంక్తి అయి, ఆమె తిరిగి గీతలోకి వెళతారని స్క్రిప్టు రాసినవాడిగా నాకు తెలుసు. అది ఎక్కడా తప్పు చేయదు.

పంక్తి 21

విశేషం ఉన్నది.

ఉదయం వంటశాలలో గిన్నెలు కడుగుతున్నాను. పక్కన పోలినాయుడు నా చేతిలోంచి పెనం లాక్కుని, "బాబూ, మీరు తోమితే దీనికి నంబరు కూడా ఎగిరిపోతాది," అన్నాడు. పొయ్యి దగ్గర గవరమ్మ గారు పీట తీసివేసి నిలబడి వండుతున్నారు. నాతో మాట్లాడడం మానేసి చాలా రోజులైంది. ఉత్తర్వు సంగతి ఆమెకు పోలినాయుడు చెప్పాడు. ఆమె గరిటె ఆపలేదు.

కాసేపటికి నా ముందు ఒక గిన్నె పెట్టారు. ఉప్మా.

"తినకూడదండీ," అన్నాను. "తిన్నా ఇప్పుడు దానివల్ల ఉపయోగం లేదు. ఉప్మా లంచం కాదని..."

"ఇన్నాను. నాకేటి సెవుడా? తిను ముందు."

చెంచాతో కలిపాను. అడుగున ఏదో తగిలింది. భూమి నుండి సామాన్ల నౌక వచ్చినప్పుడు ఏడాదికొకసారి గుప్పెడు దొరుకుతాయి. నేతిలో ఎర్రగా వేయించినవి.

"జీడిపప్పు," అన్నారు గవరమ్మ గారు, నా వైపు చూడకుండానే. "మనవరాలి పెళ్ళికని దాసినాను. మరి ఆళ్ళ ఆర్డర్లో జీడిపప్పు మాటున్నాదేటి?"

ఉత్తర్వు ప్రతి జేబులోనే ఉన్నది. తీసి రెండుసార్లు చదివాను.

"లేదండీ."

"అయితే రాసుకో. గవరమ్మ పెట్టినాదని రాయి. నెయ్యి కూడా ఏసినానని రాయి. రేపు ఆళ్ళు జీడిపప్పు తుడిస్తే ఎల్లుండి కిస్మిస్సేస్తాను. నా కాడ సామాన్లున్నంత కాలం నాకు గాలికి లోటు లేదు."

"అత్తా," అన్నాడు పోలినాయుడు, "నాకూ ఒక గిన్నె."

"నీకెందుకురా? బీరువాని తన్నినావు గదా, నీకు సొంత పంక్తి ఉంది."

"ఆకలి అత్తా."

గిన్నె ఖాళీ చేశాను. చేతులు కడుక్కుని, 4115 మీదా, నా మీదా, నెయ్యితో సహా ఫిర్యాదు నమోదు చేయడమైనది.